ఇంకొక్క ముద్ద: తల్లిదండ్రుల ఆత్మవిశ్వాసం, పిల్లల ఆహారపు అలవాట్లు

"అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదు" అనేది తెలుగువారి నోట తరతరాలుగా నలిగిన సామెత. నోరు తెరిచి అడిగినవారికే పని జరుగుతుందని దాని తాత్పర్యం. కాని ఉప్పల్, నాచారం ప్రాంతాలలో ఏ సాయంకాలమైనా ఒక గల్లీలో నాలుగడుగులు నడచి చూడండి. ఈ సామెత తలక్రిందులైన దృశ్యం కళ్ళబడుతుంది. మూడేళ్ళ బిడ్డ ముందు పరుగెత్తుతుంటాడు. కంచం చేతబట్టుకొని తల్లి వెనుక తిరుగుతుంటుంది. బిడ్డ అడగలేదు, అయినా అమ్మ పెడుతూనే ఉంది. ఒక గడపలో "ఇంకొక్క ముద్ద నాన్నా" అన్న బతిమాలుట; ప్రక్క గడపలో "ఔర్ ఏక్ నివాలా బేటా" అన్న బుజ్జగింపు. భాషలు రెండు, భయం మాత్రం ఒక్కటే.

ఆ భయం ఏమిటి? బిడ్డ కడుపు నిండలేదేమో అన్నది పైకి కనిపించే భయం. ఈ బిడ్డను నేను సరిగా పెంచగలుగుతున్నానా అన్న సందేహం దాని అడుగున దాగిన భయం. పిల్లలు అతిగా తినడానికీ, తిననని మారాం చేయడానికీ, ఈ రెండవ భయానికీ గల సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. తమ మాటపైనా, తమ బిడ్డ ఆకలిపైనా తల్లిదండ్రులకు నమ్మకం ఉన్నచోట పిల్లలు తమ కడుపు చెప్పినంత తింటారు. ఆ నమ్మకం సడలినచోట కడుపు మాట వినడం క్రమంగా మరచిపోయి, కంచంలో ఎంత ఉంటే అంత, పొట్లంలో ఎంత ఉంటే అంత తినడం అలవరచుకుంటారు.

మన ప్రాంతం, మన సమస్య

ఈ విషయాన్ని చర్చించడానికి మన ప్రాంతం ఎంతో తగినది. ఉప్పల్ చౌరస్తా నుండి సికిందరాబాదు వైపు బయలుదేరి హబ్సిగూడ దాటితే తార్నాక వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది అక్కడే. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు కూనూరులో బెరిబెరి వ్యాధిని పరిశోధించడానికి ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే కాలక్రమాన పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు ధరించింది. ఇటు నాచారం పారిశ్రామికవాడలో తెలంగాణ ఫుడ్స్ వారి కర్మాగారం ఉంది. వేయించిన గోధుమలు, సెనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె చేర్చి తయారయ్యే "బాలామృతం" అక్కడి నుండే అంగన్‌వాడీ కేంద్రాలకు వెళుతుంది. ఏడు నెలల వయసు నుండి మూడేళ్ళ వరకు బిడ్డకు నెలకు రెండున్నర కిలోల పొట్లం అందుతుంది. తెలంగాణలోని ఎందరో పేద బిడ్డలు తల్లిపాల తరువాత రుచిచూసే తొలి ఆహారాలలో ఒకటి మన నాచారంలో తయారవుతున్నదన్న మాట.

ఆ పరిశోధనాలయమూ, ఈ కర్మాగారమూ తిండి చాలని కాలంలో ఎదుర్కొన్న సమస్యకు సమాధానాలు. ఆ సమస్య నేటికీ తీరలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లలలో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015–16లో 28 శాతం కాగా, 2019–21 నాటికి 33.1 శాతమయ్యారు. అదే కాలంలో అధిక బరువు గల పిల్లలు 0.7 శాతం నుండి 3.4 శాతానికి పెరిగారు. రెండవ అంకె చిన్నదే. కాని అది పెరిగిన వేగం గమనార్హం. ఒక వైపు కొరత, మరొక వైపు అతి, రెండూ ఒకే రాష్ట్రంలో, ఒక్కొక్కసారి ఒకే గల్లీలో కనిపిస్తున్నాయి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కొరకు విడుదల చేసిన 17 ఆహార సూత్రాలలో కొరతను గూర్చిన హెచ్చరికలతో పాటు స్థూలకాయాన్ని గూర్చి, కర్మాగారాలలో అతిగా శుద్ధిచేసి పొట్లాలకెక్కించిన తినుబండారాలను గూర్చి హెచ్చరికలు చేరడానికి కారణం ఇదే.

బిడ్డ బొద్దుగా ఉంటే తప్పేమిటని మన ఇళ్ళలో అడుగుతారు. దీనికి పూనా పరిశోధనలు ఒక సమాధానం చెప్పాయి. డాక్టర్ యాజ్ఞిక్, ఆయన సహచరులు పూనా పరిసర గ్రామాలలో పుట్టిన శిశువులను ఇంగ్లండులోని శిశువులతో పోల్చి, 2003లో ఫలితాలను ప్రకటించారు. మన శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడి వారిది సుమారు 3.5 కిలోలు. అయితే మన బిడ్డలలో తగ్గినది ప్రధానంగా కండరం. కొవ్వు అంతగా తగ్గలేదు. ఇలా సన్నగా పుట్టిన బిడ్డ తరువాత వేగంగా లావెక్కితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కనుక కొరతనుండి ఇప్పుడిప్పుడే బయటపడుతున్న కుటుంబాలకు అతిభోజనం మరింత ప్రమాదకరం.

ఆకలి లెక్క బిడ్డకు తెలుసు

ఆరోగ్యవంతుడైన శిశువు ఎప్పుడు తినాలో, ఎప్పుడు ఆపాలో ఎరిగే పుడతాడు. కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయం నుండి గ్రెలిన్ అనే స్రావం మెదడుకు ఆకలి కబురు అందిస్తుంది. కడుపు సాగినప్పుడు నరాలు, పేగులలోని ఇతర స్రావాలు "ఇక చాలు" అన్న కబురు పంపుతాయి. ఒంటిలోని కొవ్వు నిలువల సమాచారాన్ని లెప్టిన్ చేరవేస్తుంది. లెప్టిన్‌ను 1994లో, గ్రెలిన్‌ను 1999లో కనుగొన్నారు. చంటిబిడ్డ పాలు చాలగానే తల త్రిప్పుకోవడం ఈ కబురు ఫలితమే. తృప్తి కబురు పూర్తిగా అందడానికి ఇరవై నిమిషాల వరకు పట్టవచ్చు. గబగబ కుక్కిన బిడ్డకు ఆ కబురు అందేలోపే అవసరానికి మించిన తిండి లోపలికి పోతుంది.

తల్లులను ఎక్కువగా కలవరపెట్టేది మొదటి పుట్టినరోజు తరువాతి కాలం. తొలి ఏడాదిలో బిడ్డ బరువు పుట్టినప్పటికి సుమారు మూడింతలవుతుంది. ఆ వేగం అలాగే సాగితే ఐదేళ్ళకు బిడ్డ ఏనుగు పిల్ల కావలసిందే! కాని రెండవ ఏట నుండి పెరుగుదల నెమ్మదిస్తుంది. ఏడాదికి రెండు, రెండున్నర కిలోల కంటె ఎక్కువ పెరగదు. పెరుగుదల తగ్గితే ఆకలి తగ్గడం సహజం. ఈ సంగతి తెలియని తల్లి "మొన్నటిదాకా బాగా తిన్నాడు, ఇప్పుడు నోరు తెరవడం లేదు" అని బెంబేలు పడుతుంది. దిష్టి తీస్తుంది, నజర్ ఉతారిస్తుంది, మందుల దుకాణంలో ఆకలి పుట్టించే టానిక్కు అడుగుతుంది. కంచం పట్టుకొని బిడ్డ వెంట పరుగు మొదలయ్యేది సాధారణంగా ఈ వయసులోనే.

లీయాన్ బర్చ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు రెండు నుండి ఐదేళ్ళ వయసు గల 15 మంది పిల్లల ఆహారాన్ని ఆరు రోజులపాటు కొలిచి 1991లో ఫలితాలు ప్రకటించారు. పూట పూటకూ పిల్లలు తినే పరిమాణంలో సగటున 34 శాతం తేడా కనిపించింది. రోజు మొత్తానికి లెక్కవేస్తే ఆ తేడా దాదాపు 10 శాతమే. అంటే ఒక పూట తక్కువ తిన్న బిడ్డ మరొక పూట దాన్ని సరిదిద్దుకుంటున్నాడు. తల్లి మాత్రం ఆ ఒక్క పూటను చూసే భయపడుతుంది.

అంతకు ముందే, 1928లో, చికాగోకు చెందిన క్లారా డేవిస్ అనే వైద్యురాలు పాలు మానిన శిశువుల ముందు పలురకాల ఆహారాలు ఉంచి, ఏది ఎంత తినాలో వారికే వదలిపెట్టిన ప్రయోగ వివరాలు ప్రకటించారు. ఒక్కొక్క పూట వారి ఎంపిక విచిత్రంగా ఉన్నా, పిల్లలందరూ చక్కగా పెరిగారు. అయితే ఇందులో ఒక కిటుకు ఉన్నదని ఆమెయే చెప్పారు. ఆ పిల్లల ముందు ఉంచినవన్నీ సహజమైన, శుద్ధిచేయని ఆహారాలే. చక్కెర మిఠాయిలు వాటిలో లేవు. పిల్లలపై నమ్మకముంచవచ్చు, కాని ముందు ఏమి ఉంచాలో నిర్ణయించే బాధ్యత పెద్దలదే అన్నది ఈ ప్రయోగ సారాంశం.

భయం నడిపించే నాలుగు దారులు

నమ్మకం లోపించిన తల్లిదండ్రులు సాధారణంగా నాలుగు దారులు త్రొక్కుతారు. మొదటిది బలవంతం. కంచం ఖాళీ అయ్యేదాకా లేవనివ్వకపోవడం, టెలిఫోనులో బొమ్మలు చూపుతూ బిడ్డకు తెలియకుండానే ముద్దలు నోట పెట్టడం ఈ కోవలోనివి. 2006లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో సూపు పూర్తిగా తాగమని ఒత్తిడి చేసినప్పుడు పిల్లలు ఒత్తిడి లేనప్పటి కంటె తక్కువే తాగారు. పైగా దాన్ని ఈసడించుకున్నారు. ఒత్తిడికి లొంగిన బిడ్డ మరొక విధంగా నష్టపోతాడు. 2000లో జరిగిన ఒక పరిశీలనలో మూడేళ్ళ పిల్లలు కంచంలో ఎంత వడ్డించినా తమకు కావలసినంతే తిన్నారు. ఐదేళ్ళ పిల్లలు మాత్రం ఎక్కువ వడ్డిస్తే ఎక్కువ తిన్నారు. ఈ రెండేళ్ళ తేడాలోనే బిడ్డ చూపు కడుపు మీద నుండి కంచం మీదికి మళ్ళడం మొదలైనదన్న మాట.

రెండవది లంచం. "కూర తింటే చాక్లెట్టు ఇస్తాను" అన్న మాటలో బిడ్డకు వినిపించేది ఏమిటి? కూర శిక్ష, చాక్లెట్టు బహుమానం. ఒక పానీయాన్ని తాగితే బహుమతి ఇస్తామని పిల్లలకు ఆశచూపిన 1984 నాటి ప్రయోగంలో, ఆ పానీయంపై వారి ఇష్టం పెరగడానికి బదులు తగ్గిపోయింది.

మూడవది కఠిన నిషేధం. బిడ్డ లావవుతున్నాడని కంగారుపడి, ఇంట్లో ఉన్న మిఠాయిని అటకమీద దాచి, అందరూ తింటుంటే బిడ్డకు మాత్రం వద్దనడం. ఫిషర్, బర్చ్ 1999లో ప్రకటించిన ప్రయోగాలలో, కనిపిస్తూనే చేతికందని తినుబండారం పైనే పిల్లల ధ్యాస పెరిగింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. రంజాను మాసంలో పగలంతా నిగ్రహం పాటించిన పెద్దలమే ఇఫ్తారు వేళ మిర్చీబజ్జీల పళ్ళెం ముందు ఎంత మితం పాటిస్తున్నామో ఆత్మవిమర్శ చేసుకుంటే చాలు.

నాలుగవది లొంగుబాటు. కిరాణా కొట్టు ముందు బిడ్డ ఏడుపు లంకించుకోగానే ఐదు రూపాయల చిప్సు పొట్లం కొనియివ్వడం. మనసులో వద్దని ఉంటుంది. నలుగురూ చూస్తున్నారన్న సంకోచం, ఏడుపు భరించలేని అలసట ఆ మనసును ఓడిస్తాయి. నేడు లొంగిన తల్లియే రేపు బలవంతం చేస్తుంది, ఎల్లుండి నిషేధిస్తుంది. దారులు వేరైనా మూలం ఒక్కటే కనుక, ఒకే ఇంట్లో ఒకే వారంలో నాలుగూ కనిపిస్తాయి. రోజుకొక తీరుగా ఉండే మాటను బిడ్డ నమ్మడు. తన కడుపు మాటను పెద్దలు నమ్మనప్పుడు బిడ్డ కూడా దాన్ని నమ్మడం మానేస్తాడు.

ఆత్మవిశ్వాసం అంటే ఏమిటి?

ఇక్కడ ఆత్మవిశ్వాసమంటే దర్పం కాదు, మొండితనం అంతకంటె కాదు. ఒక నిర్దిష్టమైన పనిని నేను చేయగలను అన్న నమ్మకం. ఆల్బర్ట్ బాండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీన్ని సిద్ధాంతీకరించారు. ఈ నమ్మకం నాలుగు ఊటలనుండి పుడుతుందని ఆయన వివరించారు: స్వయంగా సాధించిన చిన్న విజయాలు, మనవంటి మరొకరు సాధించగా చూడడం, నమ్మదగినవారి ప్రోత్సాహం, శరీరం, మనస్సు నెమ్మదిగా ఉండడం.

ఆస్ట్రేలియాలో ఏడాది పిల్లల తల్లులనూ, ఐదేళ్ళ పిల్లల తల్లులనూ ప్రశ్నించి 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పిల్లల ఆహారం విషయంలో తమపై తమకు నమ్మకం ఎక్కువగా గల తల్లుల పిల్లలకు మేలైన ఆహారపు అలవాట్లు ఉన్నట్లు తేలింది. పెద్ద పిల్లల తల్లులలో ఈ నమ్మకం తక్కువగా ఉన్నదనీ కనిపించింది. అంటే బిడ్డకు నోరు వచ్చి, కాళ్ళు వచ్చి, కోరికలు పెరిగేకొద్దీ తల్లి ధైర్యం తరుగుతున్నది. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఇటువంటి పరిశోధనలు రెండు విషయాలు కలిసి ఉండడాన్ని చూపుతాయి గాని, ఒకటే రెండవదానికి కారణమని నిరూపించవు. తేలికగా తినే బిడ్డ వల్ల తల్లికి ధైర్యం కలగవచ్చు. పేచీకోరు బిడ్డ ఎంతటి తల్లి ధైర్యాన్నైనా కరిగించవచ్చు. ప్రభావం ఇరువైపులా ప్రసరిస్తుందనుకోవడమే న్యాయం. కనుక బిడ్డ లావెక్కితే తల్లిని నిందించడానికి ఈ శాస్త్రాన్ని వాడకూడదు.

మన ఇళ్ళలో ధైర్యం ఎందుకు సన్నగిల్లింది?

ఉప్పల్, నాచారం ప్రాంతాలకు పారిశ్రామికవాడల మూలంగా పల్లెలనుండి కుటుంబాలు వలస వచ్చాయి. వచ్చినవారు బట్టలూ, గిన్నెలతో పాటు ఆకలి జ్ఞాపకాలను కూడా మూటగట్టుకొని వచ్చారు. మా దాదీ నల్లగొండ జిల్లాలో జొన్న గట్క తిని, అంబలి తాగి పెరిగిన మనిషి. మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు ఆమె చేయి త్రోసివేసినా దాదీ ముద్ద మానేవారు కాదు. వద్దని నేనొకసారి గట్టిగా అంటే, ఆమె కోపగించుకోలేదు. "మా ఇంట్లో పిల్లలు ఇంకొంచెం కావాలని ఏడ్చేవాళ్ళు, పెట్టడానికి ఉండేది కాదు. ఇప్పుడు ఉంది, బిడ్డ వద్దంటోంది. నా చెయ్యి ఆగదు బేటా" అన్నారు. పుస్తకాలలో చదివినదేదీ ఆ మాటకు జవాబు కాలేకపోయింది. "ఇంకొక్క ముద్ద" వెనుక ఒక తరం అనుభవించిన లేమి ఉంది. దాన్ని అజ్ఞానమని కొట్టివేయడం కృతఘ్నత.

ఇక నేటి తల్లిదండ్రుల కష్టం వేరు. కర్మాగారంలో షిఫ్టు ముగించుకొని, బస్సు పట్టుకొని ఇల్లు చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. రోజంతా బిడ్డ దగ్గర లేనన్న అపరాధభావం చేతిలో బిస్కెట్టు పొట్లంగా మారుతుంది. అత్తగారు ఒక మాట, పొరుగువారు ఒక మాట, టెలివిజన్ ప్రకటన మరొక మాట చెబుతాయి. "బిడ్డ చిక్కిపోయాడే" అని పెండ్లిలో ఎవరో అన్న ఒక్క మాట చాలు, నెల రోజుల ధైర్యం నీరుగారిపోవడానికి. బాండూరా చెప్పిన నాలుగు ఊటలనూ మన జీవన విధానమే పూడ్చివేస్తున్నదనడంలో అతిశయోక్తి లేదు.

నమ్మకాన్ని పెంపొందించుకొనే మార్గాలు

మొట్టమొదటి సాధనం తూకం. భయాన్ని వాదంతో పోగొట్టలేము, కొలతతో పోగొట్టవచ్చు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద వెలసిన అంగన్‌వాడీ కేంద్రాలలో బిడ్డ బరువు తూచి పెరుగుదల పటంలో గుర్తిస్తారు. ఆ గీత తన దారిన తాను పైకి సాగుతుంటే, బిడ్డ ఒక పూట తినలేదని కలవరపడనక్కరలేదు. గీత చదునుగా సాగినా, క్రిందికి వంగినా, బిడ్డ నీరసంగా ఉన్నా, పాలిపోయినా, తరచు జ్వరం వచ్చినా అది వైద్యునికి చూపించవలసిన విషయం. గీత మరీ నిటారుగా పైకి లేస్తున్నా అంతే. రక్తహీనత, కడుపులో నులిపురుగులు, వ్యాధులు ఆకలిని చంపగలవు. బిడ్డ ఆకలిని నమ్మడమంటే బిడ్డను గాలికి వదలివేయడం కాదు. తిండి నిజంగా చాలని ఇంట్లో కావలసినది ధైర్యవచనం కాదు, ఆహారం. బాలామృతం, అంగన్‌వాడీ గుడ్డు, పాలు అటువంటి ఇళ్ళకు హక్కుగా అందాలి.

రెండవది బాధ్యతల విభజన. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు 1980ల నుండి ప్రచారం చేసిన సూత్రం చాల సులువైనది. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల నిర్ణయాలు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి బిడ్డ నిర్ణయాలు. ఎవరి పరిధి వారిది. పప్పన్నమో, ఖిచిడీయో, రొట్టె, ఆకుకూరయో వేళకు ముందుంచిన తల్లి తన పని ముగించినట్లే. బిడ్డ నాలుగు ముద్దలతో లేచిపోతే, మరల భోజనం వేళ వరకు, లేదా నిర్ణీతమైన చిరుతిండి వేళ వరకు మధ్యలో బిస్కెట్లు ఇవ్వకుండా ఉంటే చాలు. ఆకలి రుచి ఎరుగదన్న సామెత తన పని తాను చేస్తుంది. చంటిబిడ్డ సైగలను గమనించి, బలవంతం లేకుండా, ఓపికతో తినిపించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చేసిన సిఫారసు సారాంశం కూడా ఇదే.

మూడవది ఓపిక. కొత్త కూరను బిడ్డ మొదటిసారి ఉమ్మివేస్తే అది శాశ్వతమైన అయిష్టం కాదు. ఎనిమిది, పది సార్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ సార్లు, కొంచెం కొంచెంగా రుచి చూస్తే గాని పిల్లలకు కొత్త రుచి అలవాటు కాదని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు ప్రయత్నాలకే "మావాడు బీరకాయ తినడు" అని తీర్మానించడం తొందరపాటు.

నాలుగవది సహపంక్తి. దస్తర్‌ఖాన్ పరచి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని తినడం మన ముస్లిం ఇళ్ళ సంప్రదాయం. ఒకే వరుసలో కూర్చొని తినే పంక్తి భోజనం మన హిందూ సోదరుల సంప్రదాయం. పెద్దలు ఏమి తింటున్నారో, ఎప్పుడు చాలించి చేయి కడుక్కుంటున్నారో బిడ్డ చూసి నేర్చుకుంటాడు. బొమ్మల తెర ముందు ఒంటరిగా తినే బిడ్డకు ఆ పాఠం దొరకదు. దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ నిందించేవారు కాదనీ, ఇష్టమైతే భుజించి, లేకుంటే ఊరక వదలివేసేవారనీ హదీసుల ద్వారా తెలుస్తున్నది. పెద్దలకు ఆదర్శమైన ఆ స్వేచ్ఛను పిల్లలకు నిరాకరించడం ఎందుకు? తినండి, తాగండి, కాని మితిమీరవద్దన్నదే మన ధర్మబోధ సారాంశం. కడుపు నిండిన బిడ్డ చేత మరొక ముద్ద తినిపించడం మితాన్ని నేర్పడమవుతుందా?

ఐదవది ఇంటివారి ఏకాభిప్రాయం. పిల్లల తిండి తల్లి ఒక్కదాని బాధ్యత కాదు. తండ్రి సాయంకాలం పొట్లం తెచ్చి ప్రేమ చూపి, తల్లి వద్దని చెడ్డదైతే, ఆమె మాటకు విలువ ఉండదు. ఇంటికి ఏమి కొని తేవాలో అంగడిలోనే నిర్ణయించుకుంటే, ఇంట్లో దాచడం, వెదకడం, ఏడవడం అనే యుద్ధమే ఉండదు. మిఠాయిని బహుమానమూ చేయక, నేరమూ చేయక, పండుగనాడు అందరితో పాటు బిడ్డకూ పెట్టడం ఉత్తమం.

ఉపసంహారం

మా ఇంటి సంగతి సగంలో వదిలాను. మాటలతో ఫలితం లేదని గ్రహించి, ఒకనాడు మా అమ్మాయిని తీసుకొని దాదీతో కలిసి అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళాము. అక్కడి టీచరు బరువు తూచి, పటంలో ఆకుపచ్చ రంగు భాగంలో సాగుతున్న గీతను దాదీ వ్రేలితో తడిమించి చూపింది. "అమ్మా, మీ మనవరాలు బాగానే ఉంది, ఇది మీరు పెట్టిన తిండే" అన్నది. దాదీకి అక్షరాలు రావు గాని ఆ గీత అర్థమైంది. మరునాటినుండి వెంటబడి తినిపించడం మానుకున్నాము. మొదటి మూడు రోజులు మాకు నరకం. బిడ్డ నాలుగు ముద్దలతో లేచిపోయేది, దాదీ కళ్ళు నీళ్ళు పెట్టుకొనేవారు, నా భార్యా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకొనేవాళ్ళం. నాలుగవనాడు మధ్యాహ్నం అమ్మాయి తానే వంటగది గడపలోకి వచ్చి "దాదీ, భూక్ లగీ" అన్నది. అంతకు ముందు ఆ మాట ఆమె నోట మేము విననేలేదు. ఆకలి వేసే అవకాశమే మేము ఇవ్వలేదు కదా!

ఈ సంచికను చదివే విద్యార్థినీ విద్యార్థులలో చాలమంది ఇళ్ళలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అన్నావదినల పిల్లలు ఉన్నారు. పెరుగుదల పటాన్ని చదివి ఇంట్లో పెద్దలకు విడమరచి చెప్పగలవారు మీరే. వారి భయాన్ని ఎగతాళి చేయక, వారు పడిన కష్టాన్ని గౌరవిస్తూ, గీతను చూపండి. చిన్నవాడు చాలు అన్నప్పుడు ఆ మాటను మన్నించండి. అడిగినప్పుడే అమ్మ అన్నం పెడుతుందన్న సామెతలో అమ్మ కాఠిన్యం లేదు. బిడ్డ తన ఆకలిని తాను ఎరిగి అడుగుతాడన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం మన ఇళ్ళకు తిరిగి రావాలి.